నకిలీ క్రీములు, ఆన్‌లైన్ బజారు, స్త్రీల ఆరోగ్యం

(మహిళా సంఘాల కార్యకర్తల అధ్యయన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకోవడానికి రెండు రోజులు కూచున్న చోట, ముఖానికి రాసుకునే క్రీముల మీద ఒక పూట ఎందుకని కార్యక్రమం చూసిన కొందరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. గృహహింస కేసులు, పనిచేసే చోట వేధింపులు, ఆస్తిహక్కు, ఆశా కార్యకర్తల జీతాలు, ఇన్ని పనుల మధ్య ఇది పైపై విషయంగా కనిపించడం సహజం. పైగా అలంకరణ గురించి మాట్లాడాలంటే మన ఉద్యమంలో మొదటినుంచీ కొంత బెరుకు ఉంది. వాడేవాళ్లని విమర్శిస్తున్నట్టు అవుతుందేమోనని ఒక భయం, వాడకాన్ని సమర్థిస్తున్నట్టు అవుతుందేమోనని ఇంకో భయం. ఈ రెండు భయాల మధ్య అసలు సంగతి జారిపోతోంది. ఊరూ పేరూ లేని క్రీములు, పేరున్న కంపెనీల డబ్బాలను అనుకరించిన క్రీములు ఆన్‌లైన్ బజారులోనూ, దాని చుట్టూ అల్లుకున్న చిన్న చిన్న అమ్మకాల్లోనూ స్త్రీల చేతికి వస్తున్నాయి. వాటివల్ల మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి, ముఖచర్మం పాడవుతోంది, ఇంట్లో పిల్లల ఒంట్లోకి కూడా విషం చేరుతోంది. తయారుచేసినవాడు దొరకడు. అమ్మడానికి చోటిచ్చినవాడు తనకు సంబంధం లేదంటాడు. వాడిన స్త్రీని మాత్రం ఇంటా బయటా అందరూ తప్పుపడతారు. అందుకే ఇది హక్కుల సమస్య అని నేననుకుంటున్నాను.

గత కొంతకాలంగా హైదరాబాదులో హాస్టళ్లలో ఉండే అమ్మాయిలతో, బట్టల షాపుల్లో పొద్దస్తమానం నిలబడి పనిచేసేవాళ్లతో, బ్యూటీ పార్లర్లలో పనిచేసే స్త్రీలతో మాట్లాడుతూ వస్తున్నాను. ఇది లెక్కలు తేల్చే సర్వే కాదు. వాళ్లు ఏం కొంటున్నారు, ఎక్కడ కొంటున్నారు, తేడా వస్తే ఎవరికి చెప్పుకుంటున్నారు అని అడిగి తెలుసుకోవడమే నా పని. మూడో ప్రశ్నకి దాదాపు అందరి జవాబూ ఒకటే. ఎవరికీ చెప్పుకోలేదు. "చెప్తే ఎందుకు కొన్నావని తిడతారు కదా మేడమ్" అంది బట్టల షాపులో పనిచేసే ఒకమ్మాయి. నేను మీతో మాట్లాడదలచుకున్నదంతా ఆ ఒక్క మాట చుట్టూ ఉంది.

ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత విదేశీ సౌందర్య సామగ్రికి మన దేశం తలుపులు తెరిచింది. 1994లో ఒకే ఏడాది విశ్వసుందరి, ప్రపంచసుందరి కిరీటాలు రెండూ మన దేశానికే వచ్చాయి. 1996లో బెంగుళూరులో ప్రపంచసుందరి పోటీలు జరిగినప్పుడు స్త్రీల సంఘాలు వ్యతిరేకించాయి. సంస్కృతి పేరుతో వ్యతిరేకించినవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల వాదన మనది కాదు. స్త్రీ శరీరాన్ని కొలతలకు కుదించి దాని చుట్టూ మార్కెట్టు కట్టడాన్ని మనం ప్రశ్నించాం. తెల్లబరిచే క్రీము అంతకుముందు నుంచే మన ఇళ్లలో ఉంది. ఆ రకంలో బాగా పేరుపడ్డ క్రీము 1975లోనే దేశంలో అమ్మకానికి వచ్చింది. నల్లగా ఉన్న కూతురికి ఉద్యోగం రాదని, పెళ్లి కాదని చూపించే దాని ప్రకటనల మీద అఖిల భారత ప్రజాతంత్ర మహిళా సంఘం పోరాడింది. 2003లో కేంద్ర ప్రభుత్వం అలాంటి ప్రకటనలను ఆపించింది. 2009లో చెన్నైలో నలుపు కూడా అందమేనంటూ ఒక ప్రచారం మొదలైంది. 2020లో ఆ పాత క్రీము తన పేరులోంచి తెలుపు అనే అర్థమిచ్చే మాటను తీసేసింది. ఇవన్నీ మన విజయాలే. అయితే పేరు మారినా పెళ్లిచూపుల్లో మాట మారలేదు. "అమ్మాయి చామనఛాయ, కొంచెం రంగు తక్కువ" అన్న మాటకి కట్నంలో ఎంత పెరుగుతుందో మీ మీ ఊళ్లలో మీకు నాకంటే బాగా తెలుసు. రంగు మాటలో కులం కూడా కలిసి ఉంటుందన్నది దళిత స్త్రీలు మనకు ఎప్పటినుంచో చెబుతున్న విషయం.

ఈ ఒత్తిడి పెరుగుతుండగా క్రీములు అమ్మే చోటు మారింది. ఒకప్పుడు కిరాణా కొట్టులోనో ఫ్యాన్సీ షాపులోనో కొనేవాళ్లం. కొట్టువాడు తెలిసినవాడు. తేడా వస్తే డబ్బా పట్టుకెళ్లి అతని ముందు పెట్టేవాళ్లం. ఇప్పుడు ఫోనులో బొమ్మ చూసి కొంటున్నాం. బొమ్మ అసలు కంపెనీది, ధర సగం, పార్శిల్లో వచ్చే సరుకు ఇంకెవరిదో. పేరున్న ఒక కంపెనీ విటమిన్ సి సీరం దుకాణంలో ఎంతో అమ్మాయిలకు తెలుసు. ఆన్‌లైన్‌లో సగం ధరకు కనిపిస్తే పండగ ఆఫరనుకుంటారు. ఏడాది పొడుగునా ఏదో ఒక ఆఫరు నడుస్తూనే ఉంటుంది కాబట్టి చౌక చూసి అనుమానించే అలవాటునే మార్కెట్టు మనలోంచి తీసేసింది.

నకిలీ సరుకు ఎలా చేరుతుందో కార్యకర్తలుగా మనం తెలుసుకోవాలి. ఆన్‌లైన్ బజారు నడిపే సంస్థ చాలా సందర్భాల్లో తాను సరుకు అమ్మదు. వేలమంది అమ్మకందార్లకు చోటిస్తుంది, డబ్బు వసూలు చేస్తుంది, సరుకు చేరవేస్తుంది, కమీషన్ తీసుకుంటుంది. ఒక అమ్మకందారు మీద ఫిర్యాదులు పెరిగితే ఆ పేరు మాయమై ఇంకో పేరుతో అదే సరుకు వస్తుంది. సరుకు కింద కొన్నవాళ్ల అభిప్రాయాలుంటాయి కదా అంటారు. డబ్బిచ్చి రాయించే అభిప్రాయాలు ఎంతగా పెరిగాయంటే, వాటికోసం 2022లో భారత ప్రమాణాల సంస్థ ప్రత్యేకంగా ఒక ప్రమాణమే తీసుకురావలసి వచ్చింది. ఇది మన దేశానికే పరిమితం కాదు. అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ 2018లో ఇచ్చిన నివేదిక చూడండి. ఐదు పెద్ద వెబ్‌సైట్లలో బయటి అమ్మకందార్ల దగ్గర 47 వస్తువులు కొని పరీక్షిస్తే 20 నకిలీవని తేలింది. అందులో సౌందర్య సామగ్రిగా కొన్న 13 వస్తువులూ నకిలీవే. బూట్లు, కప్పులు నకిలీవైతే డబ్బు పోతుంది. చర్మం మీద రాసుకునేది నకిలీదైతే పోయేది డబ్బుతో ఆగదు.

మన దేశంలో కూడా 2018 అక్టోబరులో ఔషధ నియంత్రణ అధికారులు దాడులు చేసి, నకిలీ, కల్తీ సౌందర్య సామగ్రి అమ్ముతున్నారంటూ రెండు పెద్ద ఆన్‌లైన్ సంస్థలకు నోటీసులిచ్చారు. మేం మధ్యవర్తులం మాత్రమే అన్న వాదన అప్పటికే ఉంది, ఇప్పటికీ ఉంది. ఆ వాదన గురించి తర్వాత మాట్లాడతాను. ముందు ఆ డబ్బాల్లో ఏముంటుందో చూద్దాం.

మొదటిది పాదరసం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారు కాకుండా పాదరసం అడ్డుకుంటుంది. అందుకే పదిహేను రోజుల్లో తేడా కనిపిస్తుంది, క్రీము బాగా పనిచేస్తోందన్న నమ్మకం కలుగుతుంది. ఈలోగా అది చర్మంలోంచి రక్తంలోకి, అక్కణ్ణించి మూత్రపిండాలకు చేరుతుంది. మూత్రంలో నురగ, పాదాల వాపు, ముఖం ఉబ్బడం, కొందరిలో నిద్రలేమి, ఆందోళన, చేతుల తిమ్మిరి కనిపిస్తాయి. పాదరసం మీద అంతర్జాతీయ ఒప్పందం మినమాటా ఒడంబడిక 2017లో అమల్లోకి వచ్చింది. మన దేశం 2018లో దాన్ని ఆమోదించింది. మన 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం కంటి చుట్టూ వాడేవాటిని మినహాయిస్తే మిగతా సౌందర్య సామగ్రిలో, తెలియకుండా కలిసిన పాదరసం కూడా పది లక్షల్లో ఒక వంతుకు మించకూడదు. 2023లో ఒడంబడిక దేశాలు ఆ ఒక్క వంతు మినహాయింపును కూడా తీసేసి, సౌందర్య సామగ్రిలో పాదరసం అసలే ఉండకూడదని, 2025 నాటికి అలాంటివి ఆగిపోవాలని నిర్ణయించాయి.

కాగితం మీద ఇలా ఉంది. బజారులో ఎలా ఉందో అదే 2023లో పాదరస నిర్మూలన కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థల బృందం చూపించింది. పన్నెండు దేశాల్లో ఆన్‌లైన్‌లో కొన్న 213 తెల్లబరిచే క్రీములను పరీక్షిస్తే 191లో పాదరసం పరిమితి దాటి ఉంది. అన్నిటికంటే ఎక్కువగా ఉన్నదానిలో పది లక్షల్లో 74,800 వంతులు ఉంది. అంటే నూరు గ్రాముల క్రీములో సుమారు ఏడున్నర గ్రాముల పాదరసం.

కేరళలో జరిగింది మనం వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే అది మన పక్కనే జరిగింది, అక్కడ ప్రభుత్వం కదిలింది. మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లోని ఒక ఆసుపత్రి మూత్రపిండాల వైద్యులు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా ఒక ప్రత్యేక రకమైన మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. ఆ జబ్బులో మూత్రపిండం వడపోసే పొర దెబ్బతిని ఒంట్లోని ప్రొటీను మూత్రంలో పోతుంది. 22 మందిలో 15 మందికి ఆ జబ్బులో అరుదైన ఒక రకం ఉంది. ఆ 15 మందిలో 13 మంది జబ్బుకు ముందు తెల్లబరిచే క్రీములు వాడారు. చాలామందికి క్రీము ఆపేశాక జబ్బు తగ్గింది. ఒకరికి మాత్రం మెదడులోని రక్తనాళంలో గడ్డకట్టింది. ఈ పరిశీలన 2024లో అంతర్జాతీయ వైద్య పత్రికలో అచ్చయింది. డాక్టరు నోరు తెరిచి "ముఖానికి ఏం రాసుకుంటున్నావమ్మా" అని అడగడం వల్ల ఈ సంగతి బయటపడింది. మన జిల్లా ఆసుపత్రుల్లో పాదాలు వాచి వచ్చిన ఎంతమంది స్త్రీలను ఈ ప్రశ్న అడుగుతున్నారు?

కేరళ ఔషధ నియంత్రణ విభాగం 2023లో ఆపరేషన్ సౌందర్య పేరుతో తనిఖీలు మొదలుపెట్టింది. లైసెన్సు లేనివి, లేబుల్ మీద తయారీదారు వివరాలు లేనివి పట్టుకుని పరీక్షలకు పంపింది. 2025 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర ఆరోగ్యమంత్రి వీణా జార్జ్ చెప్పినదాని ప్రకారం కొన్ని లిప్‌స్టిక్కులు, ఫేస్‌క్రీముల్లో అనుమతించిన దానికి 12,000 రెట్లు పాదరసం దొరికింది. మహారాష్ట్రలోని అకోలాలో ఒక కాలేజీ విద్యార్థిని, ఆమె తల్లి, సోదరి ముగ్గురూ ఒకే క్రీము వాడి ముగ్గురూ మూత్రపిండాల జబ్బు పాలయిన సంగతి కూడా 2023లోనే వెలుగులోకి వచ్చింది. ఆ క్రీము ఇచ్చింది బ్యూటీషియన్. ఒక డబ్బా తెచ్చుకుంటే ఇంట్లో ఆడవాళ్లందరూ రాసుకుంటారు. మన ఇళ్ల సంగతి అదే కదా.

రాసుకోనివాళ్లు కూడా తప్పించుకోలేరు. 2010లో అమెరికాలోని కాలిఫోర్నియా, వర్జీనియా రాష్ట్రాల్లో ఐదు కుటుంబాలను పరీక్షించినప్పుడు క్రీము వాడినవాళ్లతో పాటు ఎన్నడూ వాడని పిల్లల ఒంట్లో కూడా పాదరసం కనిపించింది. అది ఆవిరవుతుంది, తువాళ్లకు, దిండు గలీబులకు అంటుకుంటుంది. రాత్రి క్రీము రాసుకుని పసిబిడ్డను పక్కలో పడుకోబెట్టుకునే తల్లికి ఈ విషయం ఎవరు చెప్పాలి?

రెండోది స్టెరాయిడ్. చర్మవ్యాధుల డాక్టరు చీటీ మీద కొద్దిరోజులు వాడవలసిన మందును నైట్‌క్రీము పేరుతో ఏళ్ల తరబడి రాయిస్తున్నారు. మొదట ముఖం నున్నగా, తెల్లగా అవుతుంది. తర్వాత చర్మం పల్చబడుతుంది, ఎండలోకి వెళితే మంట, ఎర్రదనం, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు. ఆపితే ఇంకా ఎక్కువవుతుంది కాబట్టి మళ్లీ రాస్తారు. స్టెరాయిడ్‌కి బానిసైన ముఖం అని చర్మవైద్యులు దీనికి ఒక పేరే పెట్టుకున్నారు. వాళ్ల సంఘం చాలా కాలం పట్టుబట్టాక, 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. మందుల షాపుకు ఆ కట్టడి ఉంది. డబ్బా మీద స్టెరాయిడ్ అన్న మాటే రాయని నకిలీ క్రీముకు ఏ కట్టడీ లేదు. పార్లర్లో పనిచేసే ఒకామె, "కస్టమర్‌కి రాసేది నా చేతుల్తోనే కదా, నా వేళ్లు చూడండి" అని చూపించింది. వేళ్ల చివర చర్మం పొరలుగా లేచిపోయి ఉంది. రోజుకి పదిమంది ముఖాలకు ఉత్త చేతుల్తో రాసే ఆ స్త్రీ ఆరోగ్యం ఏ లెక్కలోకి వస్తుంది? ఆమె వినియోగదారు కాదు, ఆమె పనిని ప్రమాదకరమైన పనిగా ఎవరూ గుర్తించలేదు.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. మన దగ్గర చట్టాలు లేవని కాదు. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సామగ్రి చట్టంలో నకిలీకి ఒక నిర్వచనం, కల్తీకి ఒక నిర్వచనం విడివిడిగా ఉన్నాయి. ఇంకొకరి పేరుతో, ఇంకొకరిదాన్ని అనుకరిస్తూ, లేని కంపెనీ పేరు వేసి చేస్తే నకిలీ. హానికరమైనది, మురికిది కలిస్తే కల్తీ. 2008 సవరణతో వీటికి మూడేళ్ల దాకా జైలు, కనీసం యాభై వేల రూపాయలు లేదా పట్టుబడిన సరుకు విలువకు మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అది జరిమానా అని పెట్టారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, దాని కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు ఉన్నాయి. అమ్మకందారు పేరు, చిరునామా కనిపించేలా పెట్టాలి, ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి.

అయితే ఈ చట్టాలు ఎవరి నష్టాన్ని చూస్తున్నాయన్నది మనం అడగాలి. నకిలీ సరుకు మీద మన కోర్టుల్లో పెద్ద తీర్పులన్నీ కంపెనీకి కంపెనీకి మధ్య వచ్చినవి. 2018లో ఢిల్లీ హైకోర్టు ఒక విదేశీ బూట్ల కంపెనీ కేసులోనూ, ఒక విదేశీ సౌందర్య సామగ్రి కంపెనీ కేసులోనూ, ఆన్‌లైన్ సంస్థ అమ్మకంలో చురుగ్గా పాల్గొంటే మధ్యవర్తినని తప్పించుకోలేదని చెప్పింది. మంచి మాటే. 2020లో అదే కోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచి ఇంకొక కేసులో మధ్యవర్తుల వైపు మొగ్గింది. ఈ వాదోపవాదాలన్నిటిలో దొంగిలించబడింది ట్రేడ్‌మార్కు. కంపెనీ పేరు. ముఖం కాలిన స్త్రీ ఆ కేసుల్లో వాది కాదు, సాక్షి కూడా కాదు. ఈ-కామర్స్ నిబంధనలో ఒక చోట, పదేపదే తొలగించిన సరుకునే మళ్లీ అమ్మకానికి పెట్టే అమ్మకందార్ల రికార్డు ఉంచాలని ఉంది. ఆ తొలగింపు దేనివల్లయ్యా అంటే కాపీరైటు, ట్రేడ్‌మార్కు, ఐటీ చట్టాల వల్ల. ఆరోగ్యానికి హాని చేసినందుకు అన్న మాట అక్కడ లేదు. ఆ తర్వాత వాక్యం ఇంకా విచిత్రం. అలాంటి అమ్మకందారును తొలగించి తీరాలని సంస్థ మీద బలవంతమేమీ లేదు, ఇష్టమైతే తొలగించవచ్చు అని.

నకిలీని కంపెనీ పేరు మీద దొంగతనంగా మాత్రమే చూస్తే పరిష్కారం కూడా కంపెనీకే పనికొస్తుంది. "అసలైనదే కొనండి, మా షోరూములోనే కొనండి" అని ప్రకటన వేస్తారు. నెలకి పదివేలు సంపాదించే అమ్మాయికి ఆ షోరూము ఏ అంతస్తులో ఉందో కూడా తెలియదు. తెల్లగా ఉండాలన్న కోరికను ముప్పై నలభై ఏళ్లు పెంచి పోషించింది అసలు కంపెనీలే, ఆ కోరికను చౌకగా అమ్ముకుంటున్నది నకిలీవాళ్లు. అసలుదానికి ప్రచారం చేసిపెట్టే పని మనది కాదు. నకిలీని స్త్రీ శరీరం మీద జరిగిన హానిగా గుర్తించమని అడగడం మన పని.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేసి ముందుకు పోకూడదు. ఈ క్రీములను చివర్లో చేతికందించేది చాలాసార్లు మరో స్త్రీ. ఇంట్లో ఉండి వాట్సాప్ గ్రూపులో బొమ్మలు పెట్టి, డబ్బాకి ముప్పైనో యాభైనో మిగుల్చుకునే గృహిణి, పార్లర్ నడుపుకునే ఒంటరి స్త్రీ, గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చేటప్పుడు నాలుగు డబ్బాలు తెచ్చి చుట్టాలకు అమ్మే స్త్రీ. మన పొదుపు సంఘాల్లోనే ఇలాంటివాళ్లు ఉన్నారు. మనం కొందరికి ఆ వ్యాపారానికి అప్పు కూడా ఇప్పించాం. "పోలీసులొస్తే నన్నే పట్టుకుంటారు, నాకు పంపినవాడి ఊరు కూడా నాకు తెలియదు" అని అలా అమ్మే ఒకామె అంది. ఆమె అన్నది నిజం. చట్టం కింద నుంచి మొదలైతే చివరి మెట్టు మీద ఉన్న స్త్రీ దగ్గరే ఆగిపోతుంది. అలాగని ఆమెను వెనకేసుకొచ్చి ఊరుకుందామా? ఆమె అమ్మిన డబ్బా వల్ల ఇంకో స్త్రీ మూత్రపిండాలు పోతున్నాయి. ఎవరి దగ్గర కొన్నారో చెప్పవలసిన బాధ్యత ఆ చట్టం కింద అమ్మేవాళ్ల మీద ఉంది. ఆమె ఆ వివరాలు చెప్పేలా, చెప్పాక ఒంటరిదైపోకుండా, ఆ ఆదాయానికి బదులు ఇంకో దారి దొరికేలా సంఘం నిలబడాలి. ఇది తేలిక కాదు. అయినా మనం చేయగలం, ఎందుకంటే ఆమె మన సభ్యురాలు. అధికారికి ఆమె ముద్దాయి మాత్రమే.

చదువుకున్న అమ్మాయిలే మోసపోతే ఎవరేం చేస్తారు అనే మాట తరచు వింటుంటాం. క్రీములో పాదరసం కళ్లకు కనపడదు, వాసన రాదు. ప్రయోగశాలకు మాత్రమే తెలిసే విషయాన్ని ఫోను బొమ్మ చూసి తెలుసుకోలేకపోయిందని ఒక స్త్రీని నిందించడం, రాత్రిపూట బయటికెందుకు వెళ్లిందని అడగడం లాంటిదే. జాగ్రత్తలు చెబుదాం, తప్పకుండా చెప్పాలి. జాగ్రత్తపడలేకపోయినందుకు మాత్రం హక్కు పోదు.

ఇక చేయవలసిన పనులు. ఇవి మీరు జిల్లాలకు వెళ్లాక వెంటనే మొదలుపెట్టగలిగినవే.

ఒకటి, గుర్తించడం. మన దేశంలో తయారైన సౌందర్య సామగ్రి మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ, కలిపిన పదార్థాల జాబితా ఉండాలి. విదేశానిదైతే దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు ఉండాలి. ఇవి లేని డబ్బాను వాడొద్దని చెప్పండి. ఇవి ఉన్నంత మాత్రాన అసలుదని కాదు, అచ్చు వేయడం నకిలీవాడికి కష్టం కాదు. కాలొమెల్, మెర్క్యూరిక్ అన్న మాటలు కనిపిస్తే అది పాదరసమే. వెండి, బంగారం, అల్యూమినియం తగలనీయవద్దని, నగలు తీసి రాసుకోమని రాసి ఉంటే అనుమానించండి. పాదరసానికి బంగారంతో కలిసే గుణం ఉంది. పుస్తెలు తీసి రాసుకోవలసిన క్రీము ముఖానికి మంచిది కాదని చెబితే మన ఊళ్లో ఎవరికైనా అర్థమవుతుంది.

రెండు, వైద్యం. ఇలాంటి క్రీములు వాడినవాళ్లకు మూత్రంలో ప్రొటీను పరీక్ష చేయించండి. ఖర్చు తక్కువ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ సాధ్యమే. తేడా ఉంటే పెద్దాసుపత్రికి పంపి రక్తంలో, మూత్రంలో పాదరసం పరీక్ష అడగాలి. స్టెరాయిడ్ అనుమానం ఉంటే చర్మవైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి, ఆపాక వచ్చే మంటకు భయపడి మళ్లీ అదే డబ్బా తెరవకుండా తోడుండండి. ఆశా కార్యకర్తలు గర్భిణులను అడిగే ప్రశ్నల్లో "ముఖానికి ఏం వాడుతున్నావు" అన్నది కూడా చేరాలి. అడిగే గొంతులో తప్పుపట్టే స్వరం ఉండకూడదు.

మూడు, సాక్ష్యం. కోపంతో డబ్బాను పారేయకండి. డబ్బా, అట్టపెట్టె, బిల్లు, పార్శిల్ మీది చీటీ, ఫోనులో కొన్న పేజీ ఫోటో, డాక్టరు కాగితాలు అన్నీ ఒక సంచిలో పెట్టి దాచండి. మూత గట్టిగా పెట్టి పిల్లలకు అందకుండా ఉంచండి. మురిక్కాలవలో పోస్తే అది నీళ్లలో చేరి చేపల ద్వారా మళ్లీ మన కంచంలోకే వస్తుంది.

నాలుగు, ఫిర్యాదు. ఆన్‌లైన్ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పెట్టండి, అమ్మకందారు పూర్తి చిరునామా అడగండి. కొన్న మనిషి రాసి అడిగితే ఇవ్వాలని నిబంధన ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, అమ్మినవాడి ఊరు వెళ్లనక్కరలేదు. కొన్న సరుకు విలువ ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్లలోపు వేయాలి. తయారీదారు ఎవరో తెలియనప్పుడు అమ్మినవాడి మీద బాధ్యత పెట్టే సెక్షను కూడా 2019 చట్టంలో ఉంది.

ఐదోది మనం ఇంతవరకు సరిగా వాడుకోని హక్కు. 1940 చట్టంలో 26వ సెక్షను ప్రకారం ఎవరైనా సరే, గుర్తింపు ఉన్న వినియోగదారుల సంఘమైనా సరే, నిర్ణీత రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి చేత తాము కొన్న సరుకును పరీక్ష చేయించుకుని నివేదిక పొందవచ్చు. 32వ సెక్షను ప్రకారం నష్టపోయిన వ్యక్తి, గుర్తింపు ఉన్న వినియోగదారుల సంఘం నేరుగా కోర్టుకు వెళ్లవచ్చు. అంటే ఇన్‌స్పెక్టరు కదిలేదాకా చేతులు కట్టుకుని కూచోనక్కరలేదు. ప్రతి జిల్లాలో మన సంఘం ఒక వినియోగదారుల సంఘంతో కలిసి మూడు నెలలకు ఐదు డబ్బాలైనా పరీక్షకు పంపితే, ఏడాదిలో మన చేతిలో మనదైన సమాచారం ఉంటుంది. కేరళలో చేసినట్టు ఇక్కడ ఎందుకు చేయరని రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ విభాగాలను అడగడానికి అది ఆధారమవుతుంది.

ఈ పనుల మీద మూడు డిమాండ్లు నిలబెట్టవచ్చు. సౌందర్య సామగ్రి విషయంలో ఆన్‌లైన్ సంస్థ మధ్యవర్తినని తప్పించుకోకూడదు, లైసెన్సు వివరాలు తనిఖీ చేశాకే అమ్మకానికి పెట్టనివ్వాలి. ఆరోగ్యానికి హాని చేసే సరుకు అమ్మినవాణ్ణి తొలగించడం సంస్థ ఇష్టానికి వదలకుండా విధిగా చేయాలి. ఒక డబ్బాలో విషం ఉందని తేలితే దాన్ని కొన్న ప్రతి మనిషికీ ఆ సంస్థ ఫోనులోనే తెలియజేయాలి. ఎవరు కొన్నారో, ఎన్నిసార్లు కొన్నారో, ఏ రాత్రి ఎన్నింటికి చూశారో దాని దగ్గర లెక్క ఉంది. పండగ ఆఫరు చెప్పడానికి పనికొచ్చే ఆ లెక్క ప్రాణం కాపాడడానికి ఎందుకు పనికిరాదని మనం అడగాలి.

1990ల మొదట్లో దూబగుంటలో స్త్రీలు సారా దుకాణాన్ని ఆపినప్పుడు వాళ్లకు కళ్ల ముందు ఒక దుకాణం ఉంది, ఎదురుగా ఒక కాంట్రాక్టరు ఉన్నాడు. ఈ దుకాణం కంటికి కనిపించదు, కాంట్రాక్టరు పేరు తెలియదు. అయితే అప్పుడు కూడా పని మొదలైంది, మా ఇంట్లో ఇలా జరుగుతోందని ఒకరితో ఒకరు చెప్పుకోవడంతోనే. తిడతారని ఎవరికీ చెప్పుకోలేకపోయిన ఆ అమ్మాయి మన దగ్గరికి వచ్చి చెప్పుకోగలిగితే, ఆమె డబ్బాను సంచిలో పెట్టుకుని పరీక్షకు మనతో వస్తే, మిగతా పనికి దారి దొరుకుతుంది. మీ మీ జిల్లాల్లో మొదటి నెలలో ఎన్ని డబ్బాలు పోగయ్యాయో, ఏం నివేదికలు వచ్చాయో ఈ పత్రికకు రాయండి. వచ్చే శిబిరంలో వాటిని ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.